యంత్రములోని అనుమతి పత్రము

కంప్యూటరు చెడినదనగానే మన యూళ్ళలో మొదట వినవచ్చు మాట "ఫార్మాటు చేయింపుడు" అనునది. యంత్రము మందగించినను, తెర నీలిరంగు దాల్చి నిలిచిపోయినను, వైరసు సోకినను చికిత్స యొక్కటియే. డిస్కునందున్న సమస్తమును తుడిచివేసి, ఆపరేటింగు సిస్టమును మరల నెక్కించి, యజమానికి అప్పగింతురు. తన చిత్రములు, ఉత్తరములు, లెక్కలు భద్రముగా నున్నవా యని యజమాని యడుగును. అది తగిన ప్రశ్నయే. కాని తాను యంత్రముతోపాటు వెలయిచ్చి కొనిన మఱియొక వస్తువు భద్రముగా నున్నదా యని యడుగువారు అరుదు. ఆ వస్తువు కంటికి కనబడదు. అది ఆపరేటింగు సిస్టమును వాడుకొనుటకు లభించిన అనుమతి; దానినే లైసెన్సు అందురు.

ఆపరేటింగు సిస్టమనగా కంప్యూటరులోని అవయవముల నన్నిటిని నడిపించు మూల వ్యవస్థ. మీట నొక్కగానే అక్షరము తెరపై కనబడుటయు, వ్రాసినది డిస్కులో నిలుచుటయు, ముద్రణ యంత్రము కదలుటయు దాని యాజ్ఞ వలననే జరుగుచున్నవి. విండోస్, లినక్సు, మ్యాక్ ఓ.ఎస్. అనునవి ఇట్టి వ్యవస్థలు. పుస్తకము కొనినవాడు దాని కాగితములకును, అట్టకును యజమాని యగును గాని అందలి రచనకు యజమాని కాడు. దానిని తానే అచ్చొత్తించి అమ్ముకొను హక్కు వానికి లేదు. ప్రోగ్రాముల విషయమునను అంతియే. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రామును 'సాహిత్య కృతి'గానే పరిగణించుచున్నది. కావ్యములకును, నవలలకును గల రక్షణయే దానికిని కలదు. మావంటి తెలుగు పండితులకు ఇది మొదట వింతగా తోచును. అయినను, ఒక్క అక్షరము తప్పినచో ఆ కృతి యంతయు నడక మానుటను చూచినవారు చట్టకర్తలను ఆక్షేపింపరు!

పుస్తకమును చేతితో నకలు చేయుటకు నెలలు పట్టును. ప్రోగ్రామును నకలు చేయుటకు నిమిషములు చాలును. అందుచేత విండోస్‌ను నిర్మించిన మైక్రోసాఫ్టు సంస్థ, 2001వ సంవత్సరమున విండోస్ ఎక్స్.పి.ని విడుదల చేసినపుడు, 'ఆక్టివేషను' అను పద్ధతిని అందు ప్రవేశపెట్టినది. ఇరువదియైదు అక్షరములును అంకెలును గల ఒక వరుసను 'ప్రాడక్టు కీ' అని యిత్తురు. ఆ కీ నిజమైనదియా, ఈ యంత్రమున వాడదగినదియా యని సంస్థవారి కంప్యూటరు విచారించి సమ్మతి తెలుపును. యంత్రమును బాగుచేయువాడు ఎరుగవలసినది ఆ కీ యొక్క అక్షరములను మాత్రమే కాదు. ఆ యనుమతి ఏ జాతికి చెందినదో అతడు ముందుగా ఎరుగవలెను. జాతిని బట్టియే, డిస్కును తుడిచిన పిమ్మట అనుమతి నిలుచునో, పోవునో తేలును.

మన ఇండ్లలోను, బడులలోను ఎక్కువగా కనబడునది 'ఓ.ఇ.ఎమ్.' అను జాతి. యంత్రమును తయారుచేసిన కంపెనీ తానే విండోస్‌ను ఎక్కించి, రెంటిని కలిపి అమ్మును. ఇంటికి బిగించిన ద్వారబంధము వంటిదీ లైసెన్సు. ఇల్లు అమ్మినచో ద్వారబంధము ఇంటితోనే పోవును; దానిని ఊడబెరికి వేరొక ఇంటికి బిగించుకొందునన్నచో చెల్లదు. పాత యంత్రములకు, అనగా ఎక్స్.పి., విస్టా, విండోస్ 7 కాలపు వానికి, పెట్టె ప్రక్కననో, ల్యాప్‌టాపు అడుగుననో ఒక రంగుల చీటీ అంటింపబడి యుండెడిది. దానిపై కీ అచ్చు వేయబడెడిది. ఒళ్ళో పెట్టుకొని వాడుటచేత ఆ చీటీ అరిగిపోయి, అక్షరములు చదువరాక తిప్పలుపడినవారు ఎందరో! ఇందొక చమత్కారము కలదు. పెద్ద కంపెనీలు తాము అమ్మిన విండోస్ 7 యంత్రములలో చీటీపై నున్న కీని గాక, తమకు ప్రత్యేకముగా నియ్యబడిన ఒకే కీని వేలకొలది యంత్రములకు వాడెడివి. కావున లోని కీని చదివి చెప్పు ప్రోగ్రాములతో దానిని వ్రాసికొని, అది తన సొంతమనుకొనిన యజమాని, మరల ఎక్కించునపుడు అది పనిచేయక విస్తుపోయెడివాడు. వాని నిజమైన హక్కు చీటీపై నుండెను.

2012లో విండోస్ 8 వచ్చినపుడు ఈ బాధ చాలవరకు తీరినది. నాటినుండి పెద్ద కంపెనీలు కీని మదర్ బోర్డుపైనున్న చిన్న స్మృతిలోనే, అనగా యంత్రము మేల్కొనగానే మొదట చదువబడు ఫర్మ్‌వేరునందు, పొందుపరచుచున్నవి. ఇది డిస్కులో లేదు. డిస్కును తుడిచినను, తీసివేసి క్రొత్తది పెట్టినను చెరగదు. విండోస్‌ను మరల నెక్కించునపుడు ఆ వ్యవస్థయే ఈ కీని వెదకి చదివికొని, అందుకు తగిన కూర్పును ఎన్నుకొని, ఇంటర్నెట్టు తగిలినంతనే తనంతట తాను ఆక్టివేటు అగును. కూర్పు తప్పరాదు సుమా. విండోస్‌లో 'హోమ్' అని యొకటి, 'ప్రో' అని యొకటి కలవు. లోపల హోమ్‌కు కీ యుండగా, ప్రో గొప్పది గదా యని దానిని ఎక్కించినచో, రెంటికి పొత్తు కుదరదు. యజమాని వెలయిచ్చి కొనిన హక్కు లోపల మూల్గుచుండ, పైన మాత్రము లైసెన్సు లేదను హెచ్చరిక కనబడును.

రెండవ జాతి 'రీటైల్'. దీనిని అంగడిలో పెట్టెగానో, ఇంటర్నెట్టు ద్వారా సంస్థనుండియో విడిగా కొందురు. ఇది మన పెట్టెలోని పుస్తకము వంటిది. ఒక యంత్రమునుండి తీసివేసి మఱియొక యంత్రమున పెట్టుకొనవచ్చును. ఒకే కాలమున రెండింట పెట్టరాదు. ఇంతకు మించి దీనిని గూర్చి చెప్పవలసినది లేదు. వెల యెక్కువగుటచేత మన ప్రాంతములలో అరుదుగా కనబడును.

మూడవది 'వాల్యూమ్' జాతి. వందలకొలది యంత్రములు గల కార్యాలయములును, విశ్వవిద్యాలయములును మొత్తముగా ఒడంబడిక చేసికొని దీనిని పొందును. ఇందు రెండు మార్గములు కలవు. మొదటిది 'ఎమ్.ఏ.కె.' అనునది. ఒకే కీ, కాని ఇన్నిసార్లు మాత్రమే వాడవలెనను లెక్క యుండును. రెండవది 'కె.ఎమ్.ఎస్.' అనునది. ఇందు కార్యాలయములోనే ఒక కంప్యూటరు కావలివాని వలె నుండి, తక్కిన యంత్రములకు అనుమతి ముద్ర వేయుచుండును. కనీసము 25 యంత్రములు తన్ను అడిగినగాని అది మామూలు కంప్యూటర్లకు ముద్ర వేయదు. వేసిన ముద్ర 180 దినములు చెల్లును. యంత్రము ఏడు దినములకొకసారి కావలివానిని పలుకరించి గడువును క్రొత్తది చేసికొనును. ఈ లైసెన్సు పాఠశాల గ్రంథాలయములోని పుస్తకము వంటిది. ఆ బడిలో చదువుచున్నంతకాలము వాడుకొనవచ్చును. విడిచి వెళ్ళునపుడు తిరిగి యిచ్చివేయవలెను.

ఇక గుర్తించు విధము. విండోస్ నడచుచున్న యంత్రమైనచో ఇది అతి సులభము. వెదకు పెట్టెలో 'సి.ఎమ్.డి.' అని టైపు చేసినచో నల్లని కిటికీ యొకటి తెరచుకొనును. అందు ఆంగ్లమున 'ఎస్.ఎల్.ఎమ్.జి.ఆర్.' అను ఐదక్షరములను చుక్కలు లేకుండ కలిపి వ్రాసి, ఒక ఖాళీ విడిచి, కుడివైపునకు వాలిన గీత పెట్టి, దానికి తగులునట్లు 'డి.ఎల్.ఐ.' అను మూడక్షరములను వ్రాసి ఎంటర్ మీట నొక్కవలెను. కొన్ని క్షణములకు చిన్న పత్రము వంటిది తెరపై నిలుచును. అందు వివరణ యను పంక్తిలో 'ఓ.ఇ.ఎమ్.' అనియో, 'రీటైల్' అనియో, 'వాల్యూమ్' అనియో స్పష్టముగా నుండును. 'ఓ.ఇ.ఎమ్.'కు ప్రక్కన 'డి.ఎమ్.' అను అక్షరములున్నచో కీ మదర్ బోర్డులోనిదే. వాల్యూమ్ అయినచో అది ఎమ్.ఏ.కె. మార్గమా, కె.ఎమ్.ఎస్. మార్గమా అనునదియు అందే తెలియును. కీలోని చివరి ఐదు గుర్తులను కూడ అది చూపును. డి.ఎల్.ఐ. బదులు 'ఎక్స్.పి.ఆర్.' అని వ్రాసినచో అనుమతి శాశ్వతమా, ఏ తేదీతో ముగియునది యను సంగతి చెప్పును.

చివరి ఐదు గుర్తులు '3వి66టి' అని యున్నచో ఒక విశేషము గ్రహింపవలెను. అది విండోస్ 10, 11 ప్రో కూర్పులకు లోకమంతటను ఒక్కటిగా నుండు సామాన్యపు కీ. దానిని వ్రాసి పెట్టుకొనిన ప్రయోజనము లేదు. అట్టి యంత్రమునకు గల అనుమతి 'డిజిటల్ లైసెన్సు'. ఆ యంత్రపు అవయవముల గుర్తులు మైక్రోసాఫ్టు వారి పుస్తకమున నమోదై యుండును. 2015 జూలై 29న విండోస్ 10 విడుదలయైనపుడు, పాత విండోస్ 7, 8.1 యంత్రముల వారికి ఏడాది పాటు ఉచితముగా మార్చుకొను అవకాశ మిచ్చిరి. అట్లు మారినవారిలో పెక్కురి అనుమతి ఇట్టిదే. పాత కీలతో క్రొత్త విండోస్‌ను ఆక్టివేటు చేసికొను దారి ఆ గడువు తరువాతను చాలకాలము తెరచియే యుండెను గాని, 2023 సెప్టెంబరులో దానిని మూసివేసిరి. కాబట్టి ఇప్పుడు పాత చీటీని నమ్ముకొని క్రొత్త విండోస్‌ను ఎక్కించుట నిష్ఫలము.

ఈ విచారణ వలన ఏమి ప్రయోజనమో ఒక్క ఉదాహరణమున చెప్పెదను. నేను పదవీ విరమణ చేసిన తరువాత మా గ్రామపు ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గది పనిని కొంతకాలము చూచుచుంటిని. పట్టణములోని యొక సంస్థవారు తాము వాడి విడిచిన పది కంప్యూటర్లను బడికి దానముగా నిచ్చిరి. పిల్లల యానందమునకు మేర లేదు. కొన్ని నెలలు గడచినవో లేదో, ఒక్కొక్క తెర మూలను విండోస్‌ను ఆక్టివేటు చేయుడను వ్రాత పొడసూపినది. పిలిపింపబడిన మరమ్మత్తుదారుడు రెండు మార్గములు చెప్పెను. పది క్రొత్త లైసెన్సులు కొనుట యొకటి. తనవద్ద నున్న 'చిన్న ప్రోగ్రాము'తో ఆ వ్రాతను మాయము చేయుట రెండవది. మొదటి దానికి సొమ్ము లేదు. అభివృద్ధి సంఘమువద్ద నున్న కొద్ది సొమ్ము బాలికల మరుగుదొడ్ల మరమ్మత్తునకు కేటాయింపబడినది. రెండవ దానికి నా మనస్సొప్పలేదు. దొంగతనము కూడదని తరగతి గదిలో చెప్పి, ప్రక్క గదిలో దానినే చేయించుట యెట్లు?

ఆ వారమే మా పూర్వ విద్యార్థి యొకడు సంక్రాంతికి ఊరికి వచ్చెను. కంప్యూటర్ల మరమ్మత్తే వాని వృత్తి. గదిలోనికి తీసికొనిపోయి, "నాయనా, వీనిని చూడుము" అంటిని. అతడు నేను పైన చెప్పిన ఆజ్ఞను టైపు చేసి, "మాస్టారూ, ఇవి కె.ఎమ్.ఎస్. యంత్రములు. ఆ కార్యాలయములోని కావలివాడు ముద్ర వేయుచుండెడివాడు. ఇచటికి వచ్చినపిమ్మట పలుకరించుటకు వాడు లేడు; 180 దినములు నిండినవి" అనెను.

"అయినచో దాతలు మనకు పనికిరాని వస్తువు నిచ్చిరందువా?"

"లేదండీ. వాల్యూమ్ లైసెన్సును ఇతరులకిచ్చు హక్కు వారికి లేదు. కాని, మాస్టారూ, అట్టి లైసెన్సు ఒంటరిగా నిలువదు. అది మేడమీది గది వంటిది. క్రింద నొక అంతస్తు ఉండవలెను. యంత్రము కొనిననాడు దానితో వచ్చిన ఓ.ఇ.ఎమ్. లైసెన్సు అడుగున నుండియే తీరవలెను. అది యంత్రముతోనే దానమైనది."

అతడన్నట్లే యైనది. పిల్లలు వ్రాసికొనిన పాఠములను వేరొక డిస్కులోనికి తీసి, ప్రో కూర్పును ఒక్కొక్క యంత్రమున మరల నెక్కించెను. ఇంటర్నెట్టు తగిలించిన కొంతసేపటికి ఎనిమిది యంత్రములు తమంతట తామే ఆక్టివేటు అయినవి. అణాపైస ఖర్చు కాలేదు. తక్కిన రెంటిలో కీ దొరకలేదు. ఆ రెండును ఎప్పుడో మదర్ బోర్డు మార్చబడిన యంత్రములని అతడు విప్పి చూచి చెప్పెను. వానికి లినక్సును ఎక్కించితిమి.

మదర్ బోర్డు సంగతి వచ్చినది గనుక ఒక్కమాట. ఓ.ఇ.ఎమ్. లైసెన్సు విషయమున మదర్ బోర్డే యంత్రమునకు ప్రాణము. డిస్కు, స్మృతి ఫలకము, తెర, మీటల పలక వీనిలో దేనిని మార్చినను హక్కు పోదు. మదర్ బోర్డును వేగము కొఱకు మేలైన దానితో మార్చినచో, చట్టదృష్టిలో అది క్రొత్త యంత్రము. క్రొత్త లైసెన్సు కావలెను. చెడిపోయినందున తయారీదారు ఇచ్చిన అట్టిదే మఱియొక దానితో మార్చినచో పాత హక్కే సాగును. అందుచేత బోర్డు మార్చునపుడు కంపెనీ సేవాకేంద్రమున చేయించి, రసీదు దాచుకొనుట మేలు. డిజిటల్ లైసెన్సును ముందుగానే తన మైక్రోసాఫ్టు ఖాతాతో ముడివేసికొని యుండినచో, అవయవములు మారినపుడు సెట్టింగులలోని ఆక్టివేషను పుటనుండి ఆ సంగతి విన్నవించుకొను వీలు కలదు.

మరమ్మత్తుదారుడు చెప్పిన ఆ 'చిన్న ప్రోగ్రాము' ఏమి చేయునో కూడ తెలిసికొనుట మంచిది. అది యంత్రములోనే ఒక దొంగ కావలివానిని నిలిపి, కె.ఎమ్.ఎస్. ముద్రను వేయించును. ఇంటిలో ఒంటరిగా నున్న కంప్యూటరు 'వాల్యూమ్, కె.ఎమ్.ఎస్.' అని చూపినచో, లేదా అంగడిలో విడిగా అమ్మబడని 'ఎంటర్‌ప్రైజ్' కూర్పు అందుండినచో, అనుమానింపవలసినదే. ఇట్టి ప్రోగ్రాములు పనిచేయుటకు ముందు వైరసును పట్టు కాపలాను ఆపివేయుమని యడుగును. కాపలాను పంపివేసిన ఇంటిలోనికి వచ్చువాడు ఇంకేమి తెచ్చునో ఎవరు చూచిరి? కొన్ని వందల రూపాయలకే అమ్మబడు కీలను గూర్చియు జాగ్రత్త వలెను. ఏ సంస్థకో చెందిన ఎమ్.ఏ.కె. కీలు అట్లు చిల్లరగా చేతులు మారుచుండును. అట్టి దానిని సంస్థ రద్దుచేసిననాడు కొనినవాని సొమ్ము నీటిపాలు. దొంగ ప్రతియని తెలిసియు ప్రోగ్రామును వాడుట మన కాపీరైటు చట్టము 63బి విభాగము ప్రకారము నేరము. ఏడు దినములనుండి మూడేండ్ల వరకు కారాగారమును, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానాయు అందు చెప్పబడినవి. వ్యాపార లాభమునకు గాక వాడినచో కారాగారము లేకుండ, ఏబదివేలకు మించని జరిమానాతో విడుచు అధికారము న్యాయస్థానమునకు కలదు.

లినక్సు లైసెన్సు వీనికన్నిటికిని భిన్నము. 1983లో రిచర్డ్ స్టాల్మన్ అను అమెరికా పండితుడు గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను, 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సును వెలువరించెను. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తాను ప్రారంభించిన లినక్సును మరుసటి యేడు ఈ లైసెన్సు క్రిందికి తెచ్చెను. దీనిని ఎన్ని యంత్రములలో నైనను ఎక్కింపవచ్చును, విప్పి చదువవచ్చును, మార్పవచ్చును, ఇతరులకు పంచవచ్చును. మార్చి పంచువాడు ఆ మార్పుల మూలమును కూడ పుచ్చుకొనినవారికి ఇయ్యవలెను, అదియే నియమము. ఆంగ్లమున దీనికి వాడు పదము 'ఉచితము' అను అర్థమునను, 'స్వేచ్ఛ' అను అర్థమునను చెల్లుటచేత వారికి నిత్యము చిక్కే. తెలుగున ఆ చిక్కు లేదు. హైదరాబాదున తెలుగు లినక్సును రూపొందించిన సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకొనినది. మన ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ వారి 'బాస్' కూడ లినక్సు జాతిదే. కేరళములోని ప్రభుత్వ పాఠశాలలలో చాలకాలముగా ఇట్టి వ్యవస్థతోనే పాఠములు నేర్పుచున్నారు. లినక్సు యంత్రమును బాగుచేయువాడు కీని వెదకనక్కరలేదు. మ్యాక్ ఓ.ఎస్.కును కీ లేదు. కాని దానిని ఆపిల్ కంపెనీ యంత్రములపై మాత్రమే వాడవలెనని దాని లైసెన్సు శాసించుచున్నది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి మామూలు సేవ ముగిసినది. పొడిగింపు పథకమున చేరినవాని విషయము వేరు. తక్కిన యంత్రములకు భద్రతా సవరణలు నిలిచిపోయినవి. లైసెన్సు మాత్రము నిలిచిపోలేదు. సేవయొకటి, అనుమతి యొకటి. టి.పి.ఎమ్. 2.0 మొదలైన అంగములు గల యంత్రములు అదే అనుమతితో విండోస్ 11కు మారవచ్చును. ఆ యంగములు లేని పాతవానికి లినక్సు తగినది. అట్లు మార్చునపుడు డిస్కునంతయు తుడిచినను, మదర్ బోర్డులోని కీ అట్లే యుండును. లినక్సునుండియే దానిని చదువవచ్చును, 'ఎమ్.ఎస్.డి.ఎమ్.' అను పేరుగల చిన్న పట్టికలో అది దొరకును. బడి కంప్యూటరు గదిలోని రిజిస్టరున ప్రతి యంత్రపు సంఖ్యకు ఎదురుగా కూర్పు పేరు, లైసెన్సు జాతి, కీ చివరి ఐదు గుర్తులు, మదర్ బోర్డు మార్చినచో ఆ తేదీ వ్రాసి యుంచినయెడల, పదేండ్లకు వచ్చు మరమ్మత్తుదారునికి విప్పి వెదకు పని తప్పును.